వేల సందేశాల్లోంచి దావాకు కావలసిన పత్రాన్ని వెతికి తీయడం ఎలా

రొయ్యల మేత నాసిరకమని కోర్టుకెక్కిన రైతు ఆ పంట కాలమంతటిలో తన ఫోనులో "నాణ్యత" అనే మాటను ఒక్కసారైనా వాడి ఉండడు. "రెండో చెరువులో ముట్టట్లేదండి", "ట్రేలో అలాగే మిగిలిపోతుందండి", "బస్తా విప్పితే ముక్కిన వాసనొస్తుంది" అని రాసి ఉంటాడు. దావా పత్రం రాసే మనమేమో "నాసిరకం", "నాణ్యతా లోపం", "ఒప్పంద ఉల్లంఘన" అని రాసుకుని, ఆ తరువాత అవే మాటలను కంప్యూటరులో కొట్టి, ఏమీ దొరకలేదని కక్షిదారుకు చెబుతాం. పత్రం అక్కడే ఉంటుంది. దానిని ఏ మాటతో పిలవాలో మనకు తెలియదు.

భీమవరం, నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వంటి చోట్ల ప్రాక్టీసు చేస్తూ ఆక్వా, ధాన్యం, కొబ్బరి వ్యాపారుల దావాలు చూసే జూనియర్ న్యాయవాదులకూ, ఆ వ్యాపారుల దగ్గర లెక్కలు చూసే గుమస్తాలకూ పనికివస్తుందని ఈ పద్ధతిని రాస్తున్నాను. వివరణ కోసం ఒక వ్యాజ్యాన్ని ఊహించుకుందాం. ఇరవై చెరువులు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్యల సాగు చేసే ఒక చిన్న సంస్థపై మేత సరఫరాదారు బకాయి కోసం దావా వేశాడు. సంస్థ తరఫున మీరు హాజరవుతున్నారు. మేత పాడైనందువల్లే పంట పోయిందనీ, నష్టపరిహారం తమకే రావాలనీ మీ కక్షిదారు కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) వేయాలనుకుంటున్నాడు. చేతిలో ఉన్నవి రెండు ఈమెయిల్ ఖాతాలు, నాలుగు ఫోనులు, మూడు వాట్సాప్ గ్రూపులు, చెరువుల రోజువారీ ఎక్సెల్ పట్టికలు, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోని పద్దులు.

ఇంత శ్రమ ఎందుకంటే

వివాద విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించి ఉన్న వాణిజ్య వివాదానికి 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం వర్తిస్తుంది. 2018 సవరణకు ముందు ఈ హద్దు కోటి రూపాయలుగా ఉండేది. ఆ చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 11వ ఆర్డరును వాణిజ్య దావాల మటుకు తిరగరాసింది. దాని ప్రకారం వాది దావా పత్రంతోనూ, ప్రతివాది రిటన్ స్టేట్‌మెంటుతోనూ (దావాకు ఇచ్చే రాతపూర్వక జవాబు) తమ అధీనంలో ఉన్న సంబంధిత పత్రాలన్నిటి జాబితాను దాఖలు చేయాలి. అవి తమకు అనుకూలమా, ప్రతికూలమా అన్న దానితో నిమిత్తం లేదు. ఇంకేమీ దాచలేదని ప్రమాణం కూడా చేయాలి. వెల్లడించని పత్రాన్ని తరువాత వాడుకోవాలంటే తగిన కారణం చూపి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అందువల్ల మనకు మేలు చేసే నాలుగు సందేశాలు ఏరుకుని మిగిలినవి వదిలేస్తే సరిపోదు. ప్రమాణం చేసేది మీ కక్షిదారు, వెతికేది మీరు.

వెతకడానికి ముందు

మొట్టమొదట తుడిచివేతను ఆపించండి. వాట్సాప్‌లో సందేశాలు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతట అవే మాయమయ్యే అమరిక ఉంటుంది. గ్రూపులో ఎవరో ఒకరు దానిని ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటారు. సంబంధించిన నలుగురి ఫోనులూ మీ ముందే తెరిపించి ఆ అమరికను తీయించండి. ఫోను మార్చవద్దనీ, మరమ్మతుకు ఇవ్వవద్దనీ, జాగా చాలడం లేదని పాత వీడియోలు తీసేయవద్దనీ ఉత్తరం రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే సంక్రాంతికి కొత్త ఫోను కొనుక్కుని పాతది బావమరిదికి ఇచ్చేసిన సూపర్‌వైజరు మీకు తప్పకుండా తగులుతాడు.

తరువాత నకళ్లు తీయండి. మూలం మీద ఎప్పుడూ వెతకవద్దు, నకలు మీదనే వెతకండి. నకలు తీసిన వెంటనే ప్రతి ఫైలుకూ హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర వంటి సంకేతం) లెక్కించి రాసిపెట్టుకోండి. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ అనే ఆజ్ఞతోనే ఎస్‌హెచ్‌ఎ-256 అనే రకం హ్యాష్ విలువ వచ్చేస్తుంది, దాని కోసం వేరే ఏమీ కొననక్కరలేదు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది కనుక, ఆరు నెలల తరువాత ఎదుటి న్యాయవాది "మీరు దీన్ని దిద్దారు" అన్నప్పుడు చూపడానికి అదే ఆధారం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ పత్రాలతో పాటు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో ఈ హ్యాష్ విలువకు ప్రత్యేకంగా గడి ఉంది. ఆ ధ్రువపత్రానికి రెండు భాగాలు: మొదటిది పత్రం దాఖలు చేసేవారు, రెండవది నిపుణుడు నింపాలి. పాత సాక్ష్య చట్టంలో ఇదే పనికి ఉన్న 65బి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీం కోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో తేల్చి చెప్పింది కనుక, కొత్త చట్టంలో దీనిని తేలికగా తీసుకోవడానికి ఏమాత్రం వీలు లేదు.

వెతికినా కనబడనివి ఏవో తెలుసుకోండి

ఈ అంచెను అందరూ దాటేస్తారు. నా లెక్కలో సగం పొరపాట్లు ఇక్కడే పుడతాయి. కంప్యూటరు వెతికేది మన కంటికి కనిపించే అక్షరాన్ని కాదు, లోపల దాచిన సంకేతాన్ని. మన ఊళ్లలో లీజు అగ్రిమెంట్లూ, నోటీసులూ చాలావరకు డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేస్తారు. తెర మీద "మేత" అని చక్కగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఏవో ఇంగ్లిష్ అక్షరాలూ, గుర్తులూ ఉంటాయి. మీరు ఇప్పటి ప్రామాణిక సంకేతమైన యూనికోడ్‌లో "మేత" అని కొడితే ఆ ఫైలు ఎన్నటికీ బయటికి రాదు. అటువంటి ఫైళ్లను ముందే వేరు చేసి, యూనికోడ్‌లోకి మార్చిన నకలు మీద వెతికి, దొరికితే మూల ఫైలును దాఖలు చేయండి.

స్కాన్ చేసిన పీడీఎఫ్ బొమ్మే తప్ప పాఠం కాదు. దానిని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాధనం) ద్వారా పాఠంగా మార్చాలి. టెసరాక్ట్ వంటి ఉచిత సాధనం తెలుగును కూడా చదువుతుంది, అయితే మసకగా ఉన్న బిల్లులో ఒత్తులనూ, గుణింతాలనూ తప్పుగా చదవడం మామూలే. చేతిరాత చెరువు పుస్తకాలను ఏ యంత్రమూ నమ్మకంగా చదవదు, కూర్చుని కంటితో చదవాలి. ఫోటోలదీ అంతే. ఇక వాయిస్ మెసేజీలు. గట్టు మీద బండి నడుపుతూ టైపు చేసేవాడెవడూ ఉండడు, బొత్తాం నొక్కి మాట్లాడేస్తాడు. మన ప్రాంతపు ఆక్వా దావాల్లో అసలు సంగతి చాలాసార్లు ఆ వాయిస్‌లోనే ఉంటుంది. అన్నీ వినలేరు కనుక పంట దెబ్బతిన్న రెండు వారాలవి మాత్రం తేదీవారీగా పట్టిక వేసి, ఒక మనిషిని కూర్చోబెట్టి వినిపించి, ప్రతి దానికీ ఒక వాక్యం సారాంశం రాయించండి. ఆ సారాంశాల మీద ఇతర పత్రాల మీద వెతికినట్లే వెతకవచ్చు.

ఈమెయిల్‌లోనూ చిన్న చిక్కులున్నాయి. జీమెయిల్‌లో మామూలుగా వెతికితే స్పామ్‌లోనూ, ట్రాష్‌లోనూ ఉన్నవి ఫలితాలలోకి రావు. పైగా దాని వెతుకుడు పెట్టె రోజువారీ అవసరానికి తయారైనదే తప్ప దావా పనికి కాదు. ఖాతా మొత్తాన్ని గూగుల్ టేకౌట్ ద్వారా దించుకుని, వేరే వెతుకుడు సాధనంలో సూచిక (ఏ మాట ఏ పత్రంలో ఉందో చెప్పే జాబితా) వేయించుకోవడం మేలు. టాలీ లెక్కలను ఎక్సెల్‌లోకి ఎగుమతి చేయించండి. పద్దు కింద గుమస్తా రాసే వివరణ వరుసలో ఉత్తరప్రత్యుత్తరాల్లో దొరకని నిజాలు దొరుకుతాయి.

గట్టు మీది మాటలు సేకరించండి

1985లో బ్లెయిర్, మారన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బార్ట్ రైలు ప్రమాదానికి సంబంధించిన దావాలో సుమారు 40,000 పత్రాలు, 3,50,000 పుటలు కంప్యూటరులో ఉన్నాయి. న్యాయవాదులు వెతికించి, కావలసినవాటిలో 75 శాతానికి పైగా దొరికాయని నమ్మి ఆపించారు. తీరా లెక్క చూస్తే సగటున దొరికినవి 20 శాతమే. కారణం వింటే మన చెరువు కథలాగే ఉంటుంది: వారు "ప్రమాదం" అని వెతికారు, సంస్థ ఉద్యోగులేమో దానిని "సంఘటన", "పరిస్థితి", "సమస్య", "ఇబ్బంది" అని రాసుకున్నారు. తప్పు జరిగిన చోట తప్పు అనే మాటను ఎవరూ రాయరు.

కాబట్టి మాటల జాబితాను ఆఫీసులో కూర్చుని తయారు చేయవద్దు. చెరువుకు వెళ్లండి. సూపర్‌వైజరు, టెక్నీషియన్, గుమస్తా, యజమాని నలుగురితోనూ విడివిడిగా మాట్లాడండి. కలిపి కూర్చోబెడితే యజమాని వాడిన మాటనే మిగిలిన ముగ్గురూ వాడతారు. "మేత బాగోలేదని ఎలా తెలిసింది?" అని అడగకుండా "ఆ వారం పొద్దున్నే చెరువు దగ్గరికి వచ్చి ఏం చూశావు, ఎవరికి ఏమని చెప్పావు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు మీకు నచ్చే జవాబు వస్తుంది, రెండవదానికి మాటలు వస్తాయి: ముట్టట్లేదు, మిగిలింది, పొడి ఎక్కువ, గడ్డ కట్టింది, బూజు, పురుగు, వాసన, పిల్ల గట్టుకొచ్చేసింది, తేలిపోయాయి, ఎర్రబడ్డాయి, వైట్ గట్ (పేగు తెగులు), మోర్టాలిటీ (చావులు), ఎమర్జెన్సీ పట్టుబడి (గడువుకు ముందే రొయ్యలు పట్టేయడం).

పేర్ల సంగతి మరీ విచిత్రం. ఎక్సెల్‌లో "7వ చెరువు" అని ఉన్నది వాట్సాప్‌లో "తాటిచెట్టు చెరువు" అవుతుంది. మేతకు కంపెనీ పెట్టిన పేరు ఒకటి, బస్తా రంగును బట్టి కూలీలు పెట్టిన పేరు మరొకటి. ఎగుమతి చేసిన వాట్సాప్ సంభాషణలో పంపినవారి పేరు ఆ ఫోనులో ఎలా భద్రపరిచారో అలాగే వస్తుంది. మేత అమ్మే ఒకే డీలరు, యజమాని ఫోనులో తన అసలు పేరుతోనూ, సూపర్‌వైజరు ఫోనులో "ఫీడ్ బాబాయ్" గానూ, గుమస్తా ఫోనులో "మేత పాత బాకీ" గానూ కనిపించవచ్చు. నలుగురి ఫోనుల్లోని పేర్లన్నిటినీ ఫోను నంబరుతో జతపరిచి ఒక కాగితం మీద రాసుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

ఈ జాబితాలో మీ కక్షిదారుకు నచ్చని మాటలు కూడా ఉండాలి. నా అనుభవంలో ఒకసారి నేను మేత పాడైందని చెప్పే మాటలే వెతికాను. దొరికినవన్నీ మాకు అనుకూలంగా ఉండేసరికి సంతోషించి జాబితా దాఖలు చేశాను. మా సూపర్‌వైజరు పంపిన సందేశాన్ని అవతలి పక్షంవారు తమ ఫోనులోంచి తీసి నా ముందు పెట్టారు: "మేత బానే తింటున్నాయండి, రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు తిరగలేదు, అందుకే తేలాయి." (ఏరేటరంటే చెరువు నీటిలోకి గాలి ఎక్కించే యంత్రం.) ఆ సందేశంలో వాసన, బూజు, మిగలడం వంటి మాట ఒక్కటీ లేదు కనుక నా వలలో పడలేదు. అప్పటి నుంచి ఎదుటివారు ఏం వాదిస్తారో ముందు రాసుకుని, కరెంటు, డీజిల్, జనరేటరు, ఏరేటరు, వైట్ స్పాట్ (రొయ్యల తెగులు), వైరస్, సీడ్ (రొయ్య పిల్ల), వాన, ఉప్పు వంటి ఆ వాదానికి సంబంధించిన మాటలతో మొదట వెతుకుతున్నాను.

తెలుగు మాటను కంప్యూటరుకు చెప్పడం

ఇంగ్లిష్ కోసం రాసిన సూచనలు ఇక్కడ సగమే పనికివస్తాయి. మన మాటకు విభక్తులు అతుక్కుంటాయి, అతుక్కునేటప్పుడు మాట రూపమే మారుతుంది. "చెరువు" అని మాత్రమే కొడితే, పూర్తి మాటను పోల్చే సాధనంలో "చెరువులో", "చెరువుకి", "చెరువుల" దొరకవు. మాట మొదటి భాగం ఇచ్చి చివర నక్షత్రపు గుర్తు పెడితే దానితో మొదలయ్యేవన్నీ వస్తాయి. చాలా వెతుకుడు సాధనాల్లో ఈ వీలుంది. అయితే ఎక్కడ తెంపాలన్నదే నేర్పు. "చెర" దగ్గర తెంపితే చెరువుతో పాటు చెరకు, చెరిసగం కూడా వచ్చిపడతాయి. తణుకు వైపు రైతు అయితే అదే గుమస్తా చెరకు లెక్కలు కూడా రాసి ఉంటాడు, వందల అనవసర పత్రాలు మీద పడతాయి. "చెరు" అన్నా చెరుకు అని రాసేవారున్నారు. "చెరువ" దగ్గర తెంపితే చెరువు రూపాలన్నీ వస్తాయి, చెరకు రాదు. యూనికోడ్‌లో కొమ్ము, దీర్ఘం వంటి గుణింతపు గుర్తు హల్లు తరువాత విడి సంకేతంగా ఉంటుంది కనుక హల్లు దగ్గర ఆపితే దాని గుణింతమంతా వలలోకి వస్తుంది. అయినా "చెర్లు", "చెర్లో" మిగిలిపోతాయి. వాటి కోసం "చెర్ల" అనే రెండవ భాగాన్ని చేర్చాలి. "నీరు" అయితే నీరు, నీటి, నీళ్ల అని మూడు భాగాలు కావాలి, అందులో మూడవదాన్ని ళ్ల అనీ, ళ్ళ అనీ, ల్ల అనీ రాసేవారున్నారు.

ముట్టట్లేదు అన్నది పట్టుకోవడానికి "ముట్ట" అని ఇచ్చాననుకోండి, "డబ్బు ముట్టింది", "పైకం ముట్టినది" అనే రసీదులన్నీ వస్తాయి. మొదట విసుగనిపిస్తుంది, కానీ దావాయే బకాయి గురించి కనుక అవీ కావలసిన పత్రాలే. వాటిని వేరే వరుసలో పెట్టుకోండి. "గట్" అని ఇస్తే రొయ్య పేగుకు వచ్చే వైట్ గట్‌తో పాటు చెరువు గట్టు, "గట్టిగా చెప్పు" అన్నీ వస్తాయి. అక్కడ నక్షత్రం తీసేసి "వైట్ గట్" అని రెండు మాటలు కలిపి వెతకాలి, అదే సమయంలో "గట్టుకొచ్చ" అనే భాగాన్ని వేరుగా పెట్టాలి.

ఇక ఇంగ్లిష్ అక్షరాలలో రాసిన తెలుగు. "మేత"లో తకారాన్ని కొందరు టి ఒక్కటితో, కొందరు టి-హెచ్‌తో రాస్తారు; ఏకారానికి ఒక ఈ, రెండు ఈలు, ఎ-ఈ అని మూడు రకాలున్నాయి. ఎం, ఈ, టి, ఎ అని నాలుగు అక్షరాలతో ఈమెయిల్‌లో వెతికితే ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా పంపిన మెయిళ్లన్నీ ముందు వరుసలో నిలబడతాయి. నీటిలో కరిగిన ప్రాణవాయువును అందరూ డి, ఓ అని రెండక్షరాలతో రాస్తారు. దానితో వెతికితే "చేయు" అనే అర్థంలో ఇంగ్లిష్ మాట ఉన్న ప్రతి వాక్యమూ వస్తుంది, సరుకు డెలివరీ ఆర్డర్లు సరేసరి. అంత చిన్న మాటను ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వవద్దు, పక్కన ఏరేటరో, రాత్రో, పడిపోయిందో ఉండాలని షరతు పెట్టండి.

అవతలి పక్షం బిల్లుల్లో ఉన్న లారీ నంబరును ఒకరు గీతలు పెట్టి, ఒకరు ఖాళీలు వదిలి, ఒకరు అన్నీ కలిపి రాస్తారు. పాత బండికి ఏపీ 37 అనో ఏపీ 05 అనో, 2019 తరువాత రిజిస్టరైన దానికి ఏపీ 39 వంటి కొత్త సంఖ్యో ఉంటుంది. ఇవేమీ పట్టించుకోకుండా చివరి నాలుగు అంకెలతో వెతికి, తేదీతో వడకట్టండి. తేదీని కూడా నమ్మవద్దు. ఎగుమతి చేసిన సంభాషణలో రోజు ముందా, నెల ముందా అన్నది ఆ ఫోను అమరికను బట్టి ఉంటుంది, 5-6-2023 అంటే జూనో, మేయో తేల్చుకున్నాకే కాలపట్టిక వేయండి.

కంటికి కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. "ఇన్‌వాయిస్" వంటి మాటలో పొల్లు నిలబడడానికి కీబోర్డు ఒక అదృశ్య సంకేతాన్ని చేరుస్తుంది. ఆ సంకేతం ఉన్న మాటా, లేని మాటా కంప్యూటరుకు రెండు వేరు మాటలు. మీ సాధనం వీటిని ఒకటిగా చూస్తుందో లేదో ముందు రోజే పరీక్షించండి. ఒక ఖాళీ ఫైలులో ఇరవై రూపాలు మీరే టైపు చేసి, సూచిక వేయించి, ఎన్ని దొరుకుతాయో చూడడానికి పావుగంట చాలు.

మాటలను కలపడం

అండ్ (రెండు మాటలూ ఉండాలి), ఆర్ (ఏదో ఒకటి ఉంటే చాలు), నాట్ (ఆ మాట ఉండకూడదు) అనే మూడు సంబంధాలు దాదాపు అన్ని సాధనాల్లోనూ ఉంటాయి. మంచి సాధనాల్లో "ఈ మాటకు పది మాటల దూరంలో ఆ మాట" అని చెప్పే వీలు కూడా ఉంటుంది, మనకు ఎక్కువ పనికివచ్చేది అదే. మేత, ఫీడ్, బస్తా అనే మూడింటిని ఆర్‌తో కలిపి ఒక కుండలీకరణంలో పెట్టండి; వాసన, బూజు, ముక్కి, పురుగు, మిగ, ముట్ట అనే భాగాలను మరో కుండలీకరణంలో పెట్టండి; రెండింటి మధ్య పది మాటల దూరాన్ని షరతుగా ఇవ్వండి. ఈమెయిళ్లలో ఇది చక్కగా పనిచేస్తుంది.

వాట్సాప్‌లో మాత్రం ఘోరంగా విఫలమవుతుంది. అక్కడ ఒకడు "ఏవండీ" అని ఒక సందేశం, "మేత" అని మరొకటి, "చూశారా" అని ఇంకొకటి పంపుతాడు, అరగంట తరువాత అవతలి నుంచి "అవును వాసనగా ఉంది" అని వస్తుంది. ఒక్కో సందేశాన్ని ఒక్కో పత్రంగా చూస్తే మేతా, వాసనా ఎన్నడూ కలవవు. కాబట్టి ఒక గ్రూపులో ఒక రోజు జరిగిన సంభాషణ మొత్తాన్ని ఒక పత్రంగా విడగొట్టించి, ఆ తరువాత వెతకండి. ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా మరే ఖరీదైన సాఫ్ట్‌వేరుతోనూ రాదని నా అభిప్రాయం.

నాట్‌ను వీలైనంత వరకు వాడవద్దు. చెరకు ఉన్న పత్రాలన్నీ తీసేయమంటే, "చెరకు డబ్బు వచ్చాక మేత బాకీ కడతాను, కానీ ఈసారి మేత బూజు పట్టి వచ్చింది" అన్న సందేశం కూడా వెళ్లిపోతుంది, దావా మొత్తానికి కీలకం అదే కావచ్చు.

దొరికినవాటినే కాక, దొరకనివాటినీ తిరగేయండి

మొదటి విడత ఫలితాన్ని తుది ఫలితంగా తీసుకోకూడదు. ఒక్కో మాటకు ఎన్ని పత్రాలు వచ్చాయో పట్టిక వేయండి. సున్నా వచ్చిన మాట దగ్గర ఆగండి: ఆ మాట నిజంగా ఎవరూ వాడలేదా, లేక మీరు రాసిన తీరులో తప్పుందా? వేలల్లో వచ్చిన మాట దగ్గరా ఆగండి: అది ఎవరి ఈమెయిల్ సంతకం కిందో, బిల్లు అడుగునో అచ్చయి ఉండే మాట కావచ్చు. ఒకే మెయిలు ఐదుగురి ఖాతాల్లో ఉంటే, పంపినవారు, తేదీ, విషయం, పాఠం మీద మాత్రమే లెక్కించిన హ్యాష్ విలువతో కలిపి ఒకటిగా లెక్కించండి, కానీ అది ఎవరెవరి దగ్గర ఉందో మాత్రం చెరిపేయవద్దు. ఫలానా తేదీకి ఎవరికి ఏం తెలుసన్నది రేపు ప్రశ్న అవుతుంది. మెయిలుకు జత చేసిన బిల్లు వలలో పడితే మెయిలునూ, మెయిలు పడితే బిల్లునూ కలిపే చదవాలి.

తరువాత లెక్క చూడండి. మొత్తం 24,000 పత్రాలున్నాయనీ, మీ మాటలకు 4,000 చిక్కాయనీ అనుకుందాం. చిక్కినవాటిలోంచి లాటరీ తీసినట్లు 200 తీసి చదివితే 110 పనికివచ్చాయి. అంటే 55 శాతం, మొత్తం మీద సుమారు 2,200. ఇప్పుడు చిక్కని 20,000లోంచి 400 అలాగే తీసి చదవండి. వాటిలో 6 పనికివచ్చేవి కనిపిస్తే 1.5 శాతం, అంటే సుమారు 300 పత్రాలు ఇంకా బయటే ఉన్నాయి. ఉన్న 2,500లో 2,200 దొరికాయి కనుక మీ వల 88 శాతం పట్టింది. ఇవి అంచనాలే, కొంత అటూ ఇటూ ఉంటాయి. చిక్కనివాటిలోంచి 300 తీసి చదివితే ఒక్కటీ దొరకకపోయినా లోపల ఏమీ లేదని అర్థం కాదు. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఒక శాతానికి మించి లేవని మాత్రమే, 20,000లో ఒక శాతం అంటే 200.

ఆ ఆరు పత్రాల విలువ శాతాల కంటే ఎక్కువ. అవి ఎందుకు తప్పించుకున్నాయో ఒక్కొక్కటిగా చూడండి. ఒకదానిలో టెక్నీషియన్ మేతను "మెటీరియల్" అన్నాడు, మరొకదానిలో బూజుకు బదులు "ఫంగస్" ఉంది, ఇంకొకదానిలో మాటలేవీ లేకుండా బస్తా ఫోటో కింద ఒక ప్రశ్నార్థకం ఉంది. కొత్త మాటలు చేర్చి మళ్లీ వెతకండి. మూడు విడతలకు తక్కువ కాకుండా ఇలా తిప్పితేగాని నాకు తృప్తి కలగదు. కొత్త విడతలో కొత్త సంగతి తెలిపే పత్రం రాకపోతే అప్పుడు ఆపవచ్చు.

దాఖలుకు ముందు

న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య నడిచిన మాటలు సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షన్ కింద గోప్యం. మీ పేరు, మీ ఆఫీసు మెయిలు, వకీలు, లాయరు గారు, నోటీసు వంటి మాటలతో ఒక ప్రత్యేక విడత వెతికి, చిక్కినవాటిని మీరే స్వయంగా చదివి పక్కన పెట్టండి. ఈ పనిని గుమస్తాకు అప్పగించవద్దు. మేత మాటలకు చిక్కిన సంభాషణలోనే మధ్యలో "లాయరు గారు ఇలా రాయమన్నారు" అన్న వాక్యం ఉండవచ్చు.

ఎలక్ట్రానిక్ రికార్డుల విషయంలో 11వ ఆర్డరు 6వ రూలు ప్రింటవుట్లు ఇస్తే చాలని చెబుతుంది కానీ, వాటితో పాటు ప్రమాణపూర్వకంగా ఇవ్వవలసిన వివరాలు చాలానే ఉన్నాయి: రికార్డులోని పక్షాలెవరు, ఎవరు ఎలా తయారు చేశారు, తయారైన, అందిన తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎప్పుడు ప్రింటు తీశారు, ఆ ఈమెయిల్ ఖాతా లేదా కంప్యూటరు ఎవరిది, ఎవరికి అందుబాటులో ఉంది. ఇవన్నీ చివరి రోజు గుర్తు చేసుకుని రాయలేరు. మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టి, ఏ ఫోను ఎప్పుడు తీసుకున్నారు, హ్యాష్ విలువ ఎంత, ఏ మాటను ఏ రూపంలో ఏ తేదీన వెతికారు, ఎన్ని వచ్చాయి, ఏ మాటను ఎందుకు తీసేశారు అని వరుసగా రాయండి. రిటన్ స్టేట్‌మెంటు గానీ, కౌంటర్ క్లెయిముకు జవాబు గానీ, ఏది తరువాతైతే అది దాఖలైన 30 రోజులలో పత్రాల తనిఖీ పూర్తి కావాలి కనుక ఆ సమయంలో ఈ పుస్తకమే మీ చేతికి ఆసరా.

ఎదుటి పక్షం దగ్గర ఉన్న మెయిళ్లు కావాలంటే "సంబంధిత పత్రాలన్నీ ఇవ్వండి" అని అడిగితే ఏమీ రావు. ఏ తేదీల మధ్య, ఎవరి ఖాతాలో, ఏ బ్యాచ్ నంబరు గురించి, ఏ మాటలు ఉన్నవి కావాలో పేర్కొంటూ దరఖాస్తు పెట్టండి. మాటల జాబితాను ఇరుపక్షాలూ ఒప్పుకోవాలన్న నియమం మన కోడ్‌లో లేదు. అయినా కేస్ మేనేజ్‌మెంట్ విచారణ (దావా గడువులను కోర్టు ఖరారు చేసే విచారణ) రోజున ఆ ప్రతిపాదన చేయడంలో తప్పు లేదు. వారి కంపెనీలో బస్తాలను ఫిర్యాదు మీద వెనక్కి తీసుకోవడాన్ని ఏమంటారో మీ డీలరునే అడిగి, ఆ మాటను జాబితాలో చేర్చండి.

జాబితా దాఖలు చేశాక కూడా, తరువాత మీ దృష్టికి వచ్చిన పత్రాలను వెల్లడించే బాధ్యత దావా తీర్పయ్యే దాకా కొనసాగుతుంది. టెక్నీషియనుకు రెండవ సిమ్‌తో ఇంకో ఫోను ఉందని విచారణ మధ్యలో బయటపడితే, దానిని తెప్పించి, నకలు తీసి, హ్యాష్ విలువ లెక్కించి, పుస్తకంలో ఉన్న మాటల జాబితానే మొదటి నుంచి చివరి దాకా దాని మీద మళ్లీ నడపండి.